టైప్‌బార్ టీసీవీ: చక్కెర పాతదే, జ్ఞాపకం కొత్తది

మా పెద్దదానికి రెండేళ్లప్పుడు టైఫాయిడ్ టీకా వేయించాం, మూడేళ్లు తిరగ్గానే మళ్లీ వేయించాలన్నారు, వేయించాం. చిన్నోడికి మాత్రం తొమ్మిదో నెలలోనే టైప్‌బార్ టీసీవీ అనే కొత్తరకం టైఫాయిడ్ టీకా రాశారు డాక్టరుగారు. బిల్లు చూసి గుండె గుభేలుమంది, పాతదానికీ దీనికీ ఇంత తేడా ఏంటండీ అని అక్కడే అడిగేశాను.

తేడా నిజంగానే ఉంది. టైఫాయిడ్ బ్యాక్టీరియా ఒంటి మీద వీఐ అనే చక్కెర గొలుసుల పూత ఉంటుంది, పాత టీకాలో ఉండేది ఆ పూత ఒక్కటే. దాన్ని చూసి మన రక్షణ కణాల్లో బీ కణాలనేవి యాంటీబాడీలైతే చేస్తాయి గానీ, వాటికి తోడుండే టీ కణాలకి ఉత్త చక్కెర ఆనదు, వాటి సాయం లేకపోతే ఒంటికి ఆ క్రిమి జ్ఞాపకం సరిగ్గా నిలవదు. అందుకే మూడేళ్లకోసారి సూది, రెండేళ్లలోపు పిల్లలకైతే అది వేసి లాభం లేదు. కొత్తదాంట్లోనూ అదే చక్కెర, అదే 25 మైక్రోగ్రాములు, కాకపోతే టెటనస్ టాక్సాయిడ్ అనే ప్రోటీన్‌కి అతికించి ఇస్తారు. టీ కణాలు ఆ ప్రోటీన్‌ని గుర్తుపట్టి బీ కణాలకి తోడొస్తాయి, అంతే కిటుకు.

ఇది నిన్నమొన్నటి తెలివి కూడా కాదు. న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఏవరీ, గోబెల్ అనే ఇద్దరు న్యుమోనియా బ్యాక్టీరియా చక్కెరని ఒక్కదాన్నే కుందేళ్లకి ఎక్కిస్తే వాటికి చీమ కుట్టినట్టైనా లేదు, అదే చక్కెరని గుర్రపు రక్తంలోని ప్రోటీన్‌కి అతికించి ఎక్కిస్తే యాంటీబాడీలు వచ్చాయి. ఇది 1931 మాట! ఆ కిటుకు మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ చేతిలో ఈ టీకాగా రావడానికి ఎనభై ఏళ్లు పట్టింది. నేపాల్ పిల్లల మీద చేసిన ట్రయల్‌లో 80 శాతం దాకా పనిచేసింది.

మావాడికి తొడకి ఒక్క సూది, ఆ రాత్రి కాస్త ఒళ్లు వెచ్చబడింది, తెల్లారేసరికి మామూలే. అయిదుకి నాలుగున్నర ఇస్తా. అర ఎందుకు కోశానంటే ధర ఒకటి, టైఫాయిడ్ లాంటిదే ఇంకో జ్వరం పారాటైఫాయిడ్‌కి ఇది అడ్డుపడకపోవడం ఇంకోటి (దాన్ని ఎక్కువగా తెచ్చే బ్యాక్టీరియాకి ఈ పూతే ఉండదట, టీకా మాత్రం ఏం చేస్తుంది పాపం).

అసలు తలనొప్పి పెద్దదాని టీకాల కార్డుతో. రెండోసారి వేసిన క్లినిక్‌లో 'టైఫాయిడ్' అని రాసి సంతకం గీకారు, ఏ టీకానో లేదు, స్టిక్కరూ లేదు. వెళ్లి అడిగితే "రెండూ ఒకటేనండీ" అన్నారు. ఒకటే అయితే బిల్లులో అంత తేడా ఎందుకో! చిన్నోడి కార్డు మీద స్టిక్కర్ దగ్గరుండి అంటింపించాను. పెద్దదానికి కూడా ఇదే వేయించమన్నారు డాక్టరుగారు, వచ్చే వారం వెళ్తున్నాం.