ఓపెన్-ఫిట్ వినికిడి యంత్రం: చెవి మూయకుండా వినిపించే సాధనం

మా నాన్నగారికి కొన్నేళ్లుగా ఎదుటివారి గొంతు వినిపించేది గాని, స, శ, ఫ వంటి సన్నని ధ్వనులు జారిపోవడంతో మాట తెలిసేది కాదు. వయసుతో వచ్చే ఇటువంటి లోపానికి, అంటే ఎక్కువ పౌనఃపున్యాల దగ్గరే తగ్గిన వినికిడికి, ఓపెన్-ఫిట్ యంత్రం చక్కగా సరిపోతుందని ఆయన వాడకం చూశాక చెప్పగలను. చెవి వెనుక ఇమిడే యంత్రం నుంచి సన్నని గొట్టం లోపలికి వస్తుంది; దాని కొసనున్న మెత్తని సిలికాన్ టోపీకి రంధ్రాలు ఉండడం వల్ల మంద్రధ్వనులు సహజంగానే చెవికి చేరతాయి, తగ్గిన సన్నని ధ్వనులను మాత్రమే యంత్రం పెంచుతుంది. చెవిని పూర్తిగా మూసే పాత యంత్రపు అచ్చుతో తన గొంతు తనకే కుండలోంచి వచ్చినట్టు మోగుతోందని, అప్పడం నమిలినా భరించలేకపోతున్నానని విసుక్కుని దానిని సొరుగులో పడేసిన మనిషి, దీనిని పొద్దున పెట్టుకుంటే పడుకునేటప్పుడే తీస్తున్నారు.

చెవి తెరిచి ఉన్నా యంత్రం కీచుమనకపోవడానికి కారణం, బయటికి పొక్కిన శబ్దం తిరిగి మైకులో పడినప్పుడు దానిని రద్దు చేసే డిజిటల్ చిప్. అయినా ఫోను మరీ ఆనించి పెడితే ఒక్కోసారి కూత తప్పదు. గుబిలి చేరితే గొట్టాన్ని సన్నని ప్లాస్టిక్ తీగతో శుభ్రం చేయాలి. గుండీలాంటి చిన్న 312 సైజు బ్యాటరీ మార్చడం వణికే వేళ్లకు నిజంగా పరీక్షే కాబట్టి, పెద్దవారికి చార్జింగు రకమే మేలు. బ్లూటూత్‌లో పాటలు వింటే మృదంగం పలచబడుతుంది, ఎందుకంటే మంద్రధ్వని ఆ రంధ్రాల గుండా బయటికి పోతుంది. తీవ్రమైన వినికిడి లోపానికి ఇది చాలదు. ఆడియోగ్రామ్, అంటే ఏ ధ్వని ఎంత వినిపిస్తోందో చూపే పరీక్ష పటం, తీయించకుండా కొనవద్దు.