నాలుగేళ్లు విన్నాక: పారాసౌండ్ జేసీ 3 జూనియర్ ఫోనో ప్రీయాంప్

మా నాన్న కొన్న ఎల్పీలు ఒక ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి. సగం కర్ణాటక సంగీతం, సగం పాత సినిమా పాటలు. వాటి కోసమే నాలుగేళ్ల కిందట, రికార్డు ప్లేయర్ సూది నుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ని పెంచే ఈ పెట్టెని కొన్నాను. అన్నీ కలిపి లక్ష దాటింది. ఇంట్లో అసలు రేటు ఇప్పటికీ చెప్పలేదు.

నాది డెనాన్ డీఎల్-103. అరవైల్లో జపాన్ రేడియో ఎన్‌హెచ్‌కే కోసం తయారైన మూవింగ్ కాయిల్ రకం కార్ట్రిడ్జ్, అంటే సూది ఉండే భాగం. దాన్నుంచి వచ్చేది 0.3 మిల్లీవోల్టు, మామూలు మూవింగ్ మాగ్నెట్ రకం కార్ట్రిడ్జ్ ఇచ్చే దాంట్లో దాదాపు పదో వంతు. దాన్ని 60 డెసిబెల్స్, అంటే వెయ్యి రెట్లు పెంచాలి. పైగా రికార్డు కోసేటప్పుడు బాస్ తగ్గించి ట్రెబుల్ పెంచి కోస్తారు కాబట్టి ఆర్ఐఏఏ అనే రికార్డుల ప్రమాణం లెక్క ప్రకారం మళ్లీ తిరగెయ్యాలి. సరిగ్గా మన కరెంటు గుర్రుమనే 50 హెర్ట్జ్ దగ్గర ఇంకో 17 డెసిబెల్స్ దాకా అదనంగా పడుతుంది.

అందుకే మొదటి వారం నరకం చూశాను. వాల్యూమ్ కాస్త పెంచితే చాలు, హమ్. గ్రౌండ్ వైరు బిగించాను, కేబుల్స్ మార్చాను, పెట్టెనే అనుమానించాను. "ఏమండీ, పాట వింటున్నారా, పెట్టెను వింటున్నారా?" అంది మా ఆవిడ. చివరికి ఒక రాత్రి సూది రికార్డుకి ఆనించకుండా టోన్ ఆర్మ్‌ని చేత్తో మెల్లగా అటూ ఇటూ జరిపి చూశాను. లోపలికి వచ్చేకొద్దీ హమ్ పెరుగుతోంది, బయటికి తీసుకెళ్తే తగ్గుతోంది. ర్యాక్ పక్కనే ఇన్వర్టర్! దాని ట్రాన్స్‌ఫార్మర్ కార్ట్రిడ్జ్‌లోకే హమ్ ఎక్కిస్తోంది. ప్రీయాంప్ పాపం ఏం చేస్తుంది, వచ్చినదాన్ని వెయ్యి రెట్లు చేసి చూపించింది. ఇన్వర్టర్‌ని వంటింట్లోకి మార్చాను.

ఆ తర్వాతే దీని సంగతి తెలిసింది. పాట మొదలవకముందే తంబూరా శ్రుతి వినిపిస్తుంది. నా పాత చవక పెట్టెలో అది బుస్సుమనే హిస్‌లో కలిసిపోయేది. మృదంగం ఎడమవైపు గుమికీ సాగి, వంగి, ఆగే చోటు కూడా తెలుస్తోంది. గీతల సంగతి ఇంకా బాగుంది. పాత దాంట్లో గీత పడ్డచోట 'టప్' అని కొట్టి, ఆ వెనకాలే రెండు అక్షరాలు మింగేసేది. ఇందులో 'టిక్' అని పక్కనుంచి పోతుంది, గొంతు ఆగదు. హెడ్‌రూమ్, అంటే పెద్ద చప్పుడు వచ్చినా తట్టుకునే ఖాళీ, ఎక్కువ ఉంటే అంతే. బూజు మరకలకి మాత్రం మందు లేదు, డిస్టిల్డ్ వాటర్‌తో కడుక్కోవాల్సిందే.

లోడింగ్ నాబ్‌తో కార్ట్రిడ్జ్‌కి పెట్టే విద్యుత్ లోడ్‌ని 50 నుంచి 550 ఓమ్స్ దాకా మార్చుకోవచ్చు. నెల రోజులు తిప్పుతూనే ఉన్నాను. డెనాన్‌కి 100 దగ్గర వయొలిన్ కాస్త ముసుగు తన్నినట్టుంది. 400 దాటాక తెరుచుకుంది. తేడా భూమ్యాకాశాలేం కాదు. మూడో వారానికి ఏ నాబ్ ఎక్కడుందో చూడకుండా విని చెప్పలేకపోయాను కూడా.

డబ్బుకి పూర్తి విలువ ఇచ్చింది మాత్రం మోనో బటన్. ఘంటసాల కాలపు రికార్డులన్నీ దాదాపు మోనోవే, అంటే రెండు స్పీకర్లకీ ఒకే శబ్దం. మోనోలో సంగీతం గాడి పక్కలకి ఊగడంలోనే ఉంటుంది. దుమ్మూ అరుగుదలా సూదిని పైకీ కిందకీ ఎగరేస్తాయి. రెండు చానెళ్లూ కలిపేస్తే ఆ ఎగురుడు చాలావరకు కొట్టుకుపోతుంది. బటన్ నొక్కగానే గొంతు రెండు స్పీకర్ల మధ్యకి వచ్చి నిలబడింది. మా అమ్మ పూజగదిలోంచి వచ్చి, "ఇది మనింట్లో రికార్డేనా?" అంది.

మూవింగ్ మాగ్నెట్ మాత్రమే వాడేవాళ్లు ఇంత పెట్టక్కర్లేదు. వాళ్లకి 40 డెసిబెల్స్ చాలు, ఆ పని నాలుగో వంతు ధరలో శుభ్రంగా చేసేవి ఉన్నాయి. మూవింగ్ కాయిల్ ఉండి, రాత్రి ఇల్లు సద్దుమణిగాక వినేవాళ్లయితే ఆలోచించండి. కొనేముందు ఇంట్లో ఎర్తింగ్ ఎలా ఉందో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. నేను ఆ పని ప్రీయాంప్ వచ్చిన ఆర్నెల్లకి చేయించాను.

ఇన్వర్టర్ ఇంకా వంటింట్లోనే ఉంది. దాని మీద ఊరగాయ జాడీలు పెడుతున్నారు.