విజయనగరంలో సగం ధరకు క్యాన్సర్ ఇంజెక్షన్ ఇప్పిస్తామంటే కొనకండి

విజయనగరం, బొబ్బిలి, చీపురుపల్లి వైపు నుంచి విశాఖకు కీమోకి తిరుగుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. బెవాసిజుమాబ్ ఇంజెక్షన్ బిల్లు లేకుండా సగం ధరకు ఇప్పిస్తానని ఒకాయన పేషెంట్ల ఇళ్లకు ఫోన్లు చేస్తున్నాడు. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర కలుస్తాడు. మన నంబర్లు ఆయన చేతికి ఎలా వెళ్తున్నాయో గానీ, స్కాన్ రిపోర్టు వచ్చిన కొద్దిరోజులకే మాకు ఫోన్ వచ్చింది.

మా మావయ్యగారిది రెక్టమ్ క్యాన్సర్, అంటే పెద్దపేగు చివరి భాగంలో గడ్డ. ఆపరేషన్ అయ్యాక కొంతకాలం బాగానే ఉన్నారు. తర్వాత రక్తపరీక్షలో సీఈఏ, అంటే పేగు క్యాన్సర్ తిరగబెట్టిందేమో చూడ్డానికి కొలిచే ప్రొటీన్, పెరిగింది. సీటీ తీస్తే రెండు ఊపిరితిత్తుల్లోనూ చిన్నచిన్న గడ్డలు. లివర్‌లో ఏమీ లేదు. మధ్యలో లివర్‌ని వదిలేసి పైకెలా పాకిందని అడిగితే డాక్టరుగారు విడమరిచి చెప్పారు. పేగు పైభాగాల్లోని రక్తం ముందు లివర్‌కి వెళ్తుంది. రెక్టమ్ కింది భాగం నుంచి కొంత రక్తం లివర్‌కి పోకుండా గుండెకి, అక్కణ్నుంచి ఊపిరితిత్తులకి చేరుతుంది. గడ్డలు ఒకటో రెండో ఉంటే ఆపరేషన్ చేసి తీసేయొచ్చు, లేదా గడ్డ మీదకే గురిపెట్టి రేడియేషన్ ఇవ్వొచ్చు. మావయ్యగారికి రెండువైపులా ఎక్కువే ఉన్నాయి కాబట్టి ముందు కీమో అన్నారు. కేఆర్ఏఎస్ జన్యువులో మార్పు ఉందని పరీక్షలో తేలింది. అలాంటివాళ్లకి సెటుక్సిమాబ్ అనే ఇంకో క్యాన్సర్ ఇంజెక్షన్ పనిచేయదు. అందుకని కీమోతో పాటు బెవాసిజుమాబ్ రాశారు. గడ్డకి కొత్త రక్తనాళాలు పెరగకుండా అడ్డుపడే మందు అది. కీమో ఎన్టీఆర్ వైద్య సేవలో అయింది గానీ, మా కేసులో ఈ ఇంజెక్షన్ బయట కొనుక్కోవాల్సి వచ్చింది. ఈ మనిషికి కావలసిన సందు అదే.

"ఏటండీ బాబూ, ఆస్పత్రి షాపులో అంత డబ్బు పోస్తారా? ఇంకో పేషెంటు దగ్గర మిగిలిపోయిన వయల్ ఉంది, సీలు కూడా తియ్యలేదు" అన్నాడు. వయల్ అంటే ఇంజెక్షన్ మందుండే చిన్న సీసా. మిగిలిందంటే నమ్మబుద్ధేస్తుంది. ఎందుకంటే ఈ మందు డోసు బరువుని బట్టి ఉంటుంది. రెండు వారాలకోసారి ఇచ్చే పద్ధతిలో మామూలుగా కిలోకి 5 మిల్లీగ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 300. వయల్స్ వచ్చేది 100, 400 మిల్లీగ్రాముల్లో. అయితే మిగిలేది తెరిచిన వయల్‌లో అడుగున ఉండే మందు. దాన్ని పారేయాల్సిందే, ఇంకొకరికి వాడకూడదు. నిజంగానే సీలు తియ్యని వయల్ మిగిలినా, అది ఇన్నాళ్లూ ఎవరింట్లో ఏ ఫ్రిజ్‌లో ఉందో ఎవరు చెప్తారు? కరెంటు పోయినప్పుడు ఏమైందో?

మా బావమరిది తండ్రి మీద బెంగతో ఫోన్‌లోనే డబ్బు పంపేశాడు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాల్సిన మందుని ఆ మహానుభావుడు పాలిథిన్ కవర్లో పెట్టి తెచ్చిచ్చాడు. ఐసు ముక్క లేదు. అదే సాయంత్రం వాట్సాప్‌లో జెఫిటినిబ్ మాత్రల ఫొటో పెట్టి, "ఎలాగూ ఊపిరితిత్తులకి పాకింది కదా, లంగ్ క్యాన్సర్ మాత్రలు కూడా వాడండి" అని మెసేజ్. ఆ ఒక్క మెసేజ్‌తో ఈయనకి ఏమీ తెలీదని అర్థమైపోయింది. పేగులో పుట్టిన క్యాన్సర్ ఊపిరితిత్తుల్లోకి వెళ్లినా పేగు క్యాన్సరే, దానికి ఇచ్చేవీ పేగు క్యాన్సర్ మందులే. జెఫిటినిబ్ అనేది ఊపిరితిత్తుల్లోనే పుట్టి, ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉన్న క్యాన్సర్‌కి వాడతారు.

విశాఖలో డేకేర్ సిస్టర్ వయల్ చేతిలోకి తీసుకోగానే ఎక్కించనని చెప్పేసింది. డబ్బా మీద ఒక బ్యాచ్ నంబరు, వయల్ మీద ఇంకొకటి. బిల్లు లేదు, చల్లదనమూ లేదు. ఆ సిస్టర్‌కి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. ఆ మందు అమ్మినాయనకి ఫోన్ చేస్తే "వాడితే వాడండి, లేకపోతే మానండి" అన్నాడు. తర్వాత మా నంబర్ బ్లాక్ చేశాడు.

అందులో ఏముందో ల్యాబ్ చెప్పాలి. వయల్‌ని డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి అప్పగించాం. కానీ ఇలాంటివి జరగవనుకోకండి. 2024 మార్చిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్న ముఠా, ఆస్పత్రుల నుంచి క్యాన్సర్ ఇంజెక్షన్ల ఖాళీ వయల్స్ కొని, వాటిలో ఫంగస్ మందు నింపి అమ్మింది.

పోయిన డబ్బు సంగతి అలా ఉంచండి. నకిలీది ఎక్కించి ఉంటే, తర్వాతి స్కాన్‌లో గడ్డలు పెరిగినట్టు కనిపించేవి. మందు పనిచేయట్లేదనుకుని డాక్టరుగారు వేరే లైన్‌కి, అంటే ఇంకో రకం మందులకి, మార్చేసేవారు. ఈ దశలో మిగిలిన మందులే కొన్ని. అసలు వాడని మందుని వాడి ఓడిపోయామని లెక్క రాసుకుని, ఉన్నవాటిలో ఒకటి చేజార్చుకునేవాళ్లం.

ఖర్చు భారమైతే బేరాలున్న చోట్లు వేరే ఉన్నాయి. డాక్టర్ని బయోసిమిలర్, అంటే అసలు కంపెనీ మందుకి దాదాపు సమానంగా వేరే కంపెనీలు చేసేది, రాయమని అడగండి, వేర్వేరు కంపెనీలది చాలా తేడా ధరల్లో దొరుకుతుంది. లైసెన్సున్న షాపుల్లోనే రెండు మూడు చోట్ల కనుక్కోండి, ఎమ్మార్పీ మీద బాగా తగ్గిస్తారు. అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, అక్కడా ఒకసారి చూపించుకోండి. పథకంలో ఏది వస్తుందో ఆరోగ్యమిత్రని గానీ 104లో గానీ అడగండి.

ఇప్పటికే ఎవరైనా కొని ఉంటే వయల్, డబ్బా, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్ పారేయకుండా ఉంచండి. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టంలోని 26వ సెక్షన్ ప్రకారం, కొన్నవాళ్లే ఫీజు కట్టి ప్రభుత్వ ల్యాబ్‌లో మందుని పరీక్ష చేయించుకోవచ్చు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ దొరక్కపోతే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ ఇవ్వండి. ఇంకొకటి, మీ ఇంజెక్షన్ ఎక్కించడం అయ్యాక ఖాళీ వయల్ లేబుల్ మీద మార్కర్‌తో అడ్డంగా గీసేసి పారేయమని సిస్టర్‌ని అడగండి, డబ్బా మీరే చింపేయండి.