సీఎన్‌సీ రౌటర్‌కు దుమ్ము లాగే ఏర్పాటు: నాలుగేళ్లు వాడిన తర్వాత

నా సీఎన్‌సీ రౌటర్, అంటే కంప్యూటర్ చెప్పినట్టు చెక్కను కోసే యంత్రం, దాని బల్ల పక్కన పనిముట్ల పెట్టె ఒకటి ఉంది. ఆ పెట్టె మూత నల్లగా, నున్నగా ఉంటుంది. ఎండీఎఫ్ (చెక్కపీచును జిగురుతో అదిమి చేసే పలక) కోసిన మరునాడు పొద్దున్నే ఆ మూత మీద వేలితో ఒక గీత గీసి చూస్తాను. గీత కనబడిందంటే ముందురోజు గదిలో దుమ్ము లేచిందన్నమాట, నేను దాన్ని పీల్చానన్నమాట. నా ఏర్పాటుకు మార్కులు పడుతున్నది ఆ మూత మీదే. బల్ల ఎంత శుభ్రంగా ఉందన్నది ఇప్పుడు లెక్కలోకి తీసుకోను.

ఈ తేడా తెలియడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. చెక్కపేళ్లు కంటికి కనబడతాయి కాబట్టి అవి పోతే చాలనిపిస్తుంది. కాని పేళ్లు బరువైనవి. ఎగిరినా నేల మీద పడి ఊరుకుంటాయి, చీపురుతో ఊడ్చేయవచ్చు. గొంతు దాటి లోపలికి వెళ్లేది 10 మైక్రాన్లకన్నా సన్నని పొడి. ఊపిరితిత్తుల అడుగుదాకా చేరేది అంతకన్నా సన్ననిది, 2.5 మైక్రాన్ల లోపుది. యంత్రం ఆపి భోజనానికి వెళ్లి వచ్చినా అది ఇంకా గాలిలో తేలుతూనే ఉంటుంది. చెక్కపొడి మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే ప్రకటించింది. ఎండీఎఫ్‌లో చెక్కతోపాటు సాధారణంగా యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు కూడా ఉంటుంది. ఇల్లు, పనిగది ఒకే కప్పు కింద ఉన్నవాళ్లు ఈ విషయాన్ని వాయిదా వేయకూడదని నా గట్టి నమ్మకం.

నా యంత్రం బల్ల సుమారు 600 బై 900 మిల్లీమీటర్లు. కోసే బిట్‌ను తిప్పే స్పిండిల్ స్థానంలో చేతి రౌటర్ మోటారే బిగించాను. ఎక్కువగా కోసేవి ఎండీఎఫ్, ప్లైవుడ్, అప్పుడప్పుడు గట్టి కలప. ఇంత చిన్న యంత్రానికి మొదట నేను తెచ్చుకున్నది గుడ్డసంచీ తగిలించిన పెద్ద డస్ట్ కలెక్టర్. అది పొరపాటు. ఆ రకం యంత్రం ఒక్కసారిగా చాలా గాలిని లాగుతుంది, అయితే వెడల్పాటి గొట్టం ఉంటేనే. సన్నగొట్టం తగిలిస్తే దాని బలమంతా నీరుగారిపోతుంది. 100 మిల్లీమీటర్ల గొట్టం లోపలి వైశాల్యం 63 మిల్లీమీటర్ల గొట్టానికి రెండున్నర రెట్లు. అంత లావు గొట్టాన్ని చిన్న రౌటర్ మోయలేదు, అందుకని సన్నగొట్టానికి కుదించి పెట్టాను. పేళ్లు సగమే లేచేవి. పైగా ఆ గుడ్డసంచీ పేళ్లను పట్టుకుని, సన్నపొడిని గదిలోకే వదిలేది. బల్ల మీద కాస్త తగ్గిన దుమ్ము మూత మీద పెరిగింది.

వర్క్‌షాప్ వాక్యూమ్ క్లీనర్ దీనికి సరిగ్గా ఎదురు. లాగే గాలి తక్కువ, పీల్చే బలం ఎక్కువ. సన్నగొట్టానికి కావలసింది అదే. బ్రష్ బూటులాంటిది, అంటే డస్ట్ షూ, బిట్ చుట్టూ పెట్టుకునే చిన్న రౌటర్‌కు 63 మిల్లీమీటర్ల గొట్టం, మంచి వాక్యూమ్, నడుమ ఒక సైక్లోన్ సరిపోతాయి. మూడేళ్లుగా నేను వాడుతున్నది ఇదే.

సైక్లోన్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అది తలకిందులుగా నిలబెట్టిన శంఖువు. గాలి పక్కనుంచి లోపలికి వచ్చి గోడ వెంబడి గిర్రున తిరుగుతుంది. బరువైన పేళ్లు గోడకు ఒరుసుకుంటూ జారి కింది డబ్బాలో పడతాయి, గాలి నడుమ నుంచి పైకి వాక్యూమ్‌లోకి వెళ్లిపోతుంది. రంపపు మిల్లుల్లో ఈ పద్ధతి ఎప్పటినుంచో ఉన్నదే. నా డబ్బాలో పడేదానితో పోలిస్తే వాక్యూమ్‌కు చేరేది గుప్పెడు. సంతోషించదగ్గ విషయమే, కాని ఆ గుప్పెడు ఏమిటో చూడాలి. వేళ్ల మధ్య రాస్తే ముఖానికి పూసుకునే పౌడరులా జారిపోయే పొడి అది. అసలు ప్రమాదకరమైనదే సైక్లోన్‌కు చిక్కకుండా ముందుకు వెళ్తోంది. కాబట్టి సైక్లోన్ ఫిల్టర్ ఆయుష్షును పెంచుతుందే తప్ప ఫిల్టర్ పనిని తాను చేయదు. వాక్యూమ్‌లో హెపా ఫిల్టర్, దానికి ముందు కాగితపు సంచీ రెండూ ఉండాల్సిందే. హెపా అంటే 0.3 మైక్రాన్ల రేణువుల్లో 99.97 శాతాన్ని ఆపేది. సంచీ లేకపోతే ఫిల్టర్ మడతలు త్వరగా పూడుకుపోయి పీల్పు పడిపోతుంది. వాటిని దులిపి శుభ్రం చేసేటప్పుడు ఆ పొడంతా మళ్లీ ముఖం మీదికే వస్తుంది.

సైక్లోన్ కింద నేను మొదట పెట్టింది మామూలు ప్లాస్టిక్ బకెట్. ఒకరోజు గొట్టం నోట్లో ప్లైవుడ్ ముక్క అడ్డం పడింది. వాక్యూమ్ మోత ఒక్కసారిగా సన్నబడింది, వెంటనే ఫట్‌మని బకెట్ నడుము లోపలికి నొక్కుకుపోయింది. గాలి రావడానికి దారి మూసుకుంటే బకెట్ మీద బయటి గాలి ఒత్తిడి అంత పని చేస్తుంది. బకెట్ పగల్లేదు, కాని మూత అంచు వంకర పోయింది. మళ్లీ సాగదీసి బిగించి వాడాను. రెండు వారాల తర్వాత చూస్తే డబ్బాలో పడవలసిన పేళ్లు వాక్యూమ్ సంచీలో ఉన్నాయి. మూత అంచున వెంట్రుకవాసి సందు ఉన్నా చాలు, అక్కడినుంచి దూసుకొచ్చే గాలి కింద పడ్డ పొట్టును మళ్లీ పైకి లేపేస్తుంది. ఇప్పుడున్నది మందమైన గోడల డ్రమ్ము, మూత చుట్టూ రబ్బరు పట్టీ. నెలకోసారి వాక్యూమ్ నడుపుతూ మూత చుట్టూ సన్నని కాగితపు ముక్క తిప్పుతాను. ఎక్కడైనా కాగితం అంటుకుంటే అక్కడ సందు ఉన్నట్టే.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది మాత్రం డస్ట్ షూ మీద. మిగతా సామానంతా కొనుక్కోవచ్చు, దీన్ని మాత్రం మన యంత్రానికి మనమే కుదుర్చుకోవాలి. నేను నాలుగు చేసి మూడు పక్కన పెట్టాను. మొదటిది రౌటర్ మోటారుకే బిగించే రకం. బిట్ కిందికి దిగుతున్నకొద్దీ బ్రష్ కూడా దిగి పలకకు నొక్కుకుంటుంది. 18 మిల్లీమీటర్ల పలకను అడుగుదాకా కోసేసరికి కుచ్చులు బయటికి పరుచుకుపోయి, వాటి నడుమ సందులు పడేవి. ఆ సందుల్లోంచే పొడి తప్పించుకునేది. ఇప్పటిది మోటారుతో కాక, దాన్ని బల్ల మీద అటూఇటూ తిప్పే బండితో కలిసి కదులుతుంది. బల్ల పొడవునా, అడ్డంగా తిరుగుతుంది కాని కిందికి దిగదు. బిట్ ఎంత లోతుకు దిగినా బ్రష్ పలకను ముట్టీముట్టనట్టు ఒకే ఎత్తులో ఉంటుంది. పలకలు కోసేవాళ్లకు ఇది ఎంతో మేలు. ఎత్తుపల్లాలున్న శిల్పపు పనికి మాత్రం మొదటి రకమే నయం. బ్రష్ అడుగుభాగాన్ని అయస్కాంతాలతో అతికించుకుంటే బిట్ మార్చేటప్పుడు చేత్తో లాగేయవచ్చు. పట్టీలతో పలకను బిగించేవాళ్లు బ్రష్ ఎక్కడిదాకా తిరుగుతుందో ముందే చూసుకోవాలి. ఇప్పుడు నేను పట్టీల బదులు పలక అంచుల్లో మరలు దింపుతున్నాను.

చేతి రౌటర్లతో ఇంకో చిక్కు ఉంది. మోటారును చల్లబరిచే పంకా గాలి పైనుంచి కిందికి, సరిగ్గా డస్ట్ షూలోకే వీస్తుంది. ఒకపక్క వాక్యూమ్ లాగుతుంటే మరోపక్క మోటారు ఊదుతుంది. ఎంతమంచి బ్రష్ పెట్టినా పొడి ఎందుకు కారిపోతోందో తెలియక చాలాకాలం సతమతమయ్యాను. చివరికి మోటారు అడుగున, డస్ట్ షూ పైన పలుచని అడ్డుబిళ్ల పెట్టి ఆ గాలిని పక్కలకు మళ్లించాను. మోటారు గాలికి దారి మూసేయకూడదు, మళ్లించాలి. మూసేస్తే మోటారు వేడెక్కుతుంది. పనిముట్ల పెట్టె మూత మీద గీత బాగా మసకబారింది ఆ వారంలోనే.

దుమ్మును లాగడంతోపాటు అసలు తక్కువ పుట్టేలా చూసుకోవడం కూడా మన చేతిలోనే ఉంది. రెండు అంచుల బిట్ నిమిషానికి 18,000 చుట్లు తిరుగుతూ 1,000 మిల్లీమీటర్ల వేగంతో ముందుకు వెళ్తే ఒక్కో అంచు కొరికేది 0.03 మిల్లీమీటర్లు కూడా ఉండదు. అది కోత కాదు, రుద్దడం. వచ్చేది పేళ్లు కాదు, పిండి. అదే చుట్లకు 2,500 మిల్లీమీటర్ల వేగం పెడితే కొరుకు 0.07కు దగ్గరవుతుంది, బిట్ కూడా చల్లగా ఉంటుంది. యంత్రం ఒప్పుకున్నంతవరకు వేగం పెంచి చుట్లు తగ్గించడం దుమ్ముకు మంచి మందు. పేళ్లను పైకి తోసే బిట్ డస్ట్ షూకు సాయపడుతుంది. కిందికి తోసే బిట్ పై అంచును నున్నగా కోస్తుంది కాని, గాడిలో పొట్టును కూరిపెడుతుంది. ఆ గాడిని తర్వాత వాక్యూమ్ గొట్టంతో విడిగా లాగాల్సి వస్తుంది.

వేడి గురించి ఒక హెచ్చరిక. మొద్దుబారిన బిట్ ఒకేచోట రుద్దితే చెక్క మాడుతుంది, ఆ నిప్పురవ్వ గొట్టంలోంచి పొట్టు నిండిన డ్రమ్ములోకి వెళ్లిపోతుంది. అక్కడ అది గంటల తరబడి రాజుకుంటూ ఉండగలదు. మాడు వాసన వస్తే వెంటనే అన్నీ ఆపి డ్రమ్ము బయటికి తీసుకెళ్తాను. రాత్రి గది మూసేముందు డ్రమ్ము ఖాళీ చేయకుండా వెళ్లను. అల్యూమినియం కోసే రోజున డ్రమ్ములో చెక్కపొట్టు లేకుండా చూసుకుంటాను.

గొట్టం లోపల పొడి ఒరుసుకుంటూ పోతుంటే స్థిరవిద్యుత్తు పోగవుతుంది. చేతికి చురుక్కుమనడం ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు. నా యంత్రం పని మధ్యలో కంప్యూటర్‌తో సంబంధం తెగి ఆగిపోయేది, యంత్రం హద్దు చేరిందని చెప్పే లిమిట్ స్విచ్ ముట్టుకోకుండానే పడిపోయేది. గొట్టం పొడవునా లోపల తొడుగు లేని రాగితీగ లాగి, దాని ఒక కొసను ఎర్తింగ్‌కు కలిపాను. స్విచ్ తీగలకు బదులు పైన లోహపు అల్లిక ఉన్న తీగలు వేశాను. ఆ తర్వాత ఇలాంటి ఆగిపోవడాలు లేవు. గొట్టాన్ని కప్పు నుంచి వేలాడదీయడం కూడా ముఖ్యం. బల్ల మీద ఈడ్చుకుంటూ తిరిగే గొట్టం యంత్రాన్ని పక్కకు లాగితే, దాన్ని అడుగడుగుగా కదిలించే స్టెప్పర్ మోటారు అడుగు తప్పుతుంది, కోత గీత దాటుతుంది.

వాక్యూమ్ ఆన్ చేయడం మరిచిపోయిన రోజులు చాలా ఉన్నాయి, ఆ పని కూడా కంట్రోలర్‌కే అప్పగించాను. కంట్రోలర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్ జీఆర్‌బీఎల్‌లో ఎం8 ఆదేశంతో రిలే (కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్) పడుతుంది, ఎం9తో ఆగుతుంది. కోత అయ్యాక పదిహేను సెకన్లు ఆగి ఎం9 పెడితే గొట్టంలో మిగిలిన పేళ్లు కూడా డ్రమ్ములోకి చేరతాయి. వాక్యూమ్ మోటారు మొదలయ్యేటప్పుడు ఎక్కువ కరెంటు లాగుతుంది, అందుకని చిన్న రిలేతో నేరుగా నడపకుండా దానితో ఎక్కువ కరెంటును తట్టుకునే పెద్ద స్విచ్‌ను, అంటే కాంటాక్టర్‌ను నడిపిస్తున్నాను. మోత తగ్గించడానికి వాక్యూమ్ చుట్టూ పెట్టె కట్టాను. వేడిగాలి పోవడానికి మలుపులు తిరిగే దారి వదిలాను.

ఇంత చేసినా డ్రమ్ము, సంచీ ఖాళీ చేసేటప్పుడు ఎన్95 మాస్కు తీయను. ఎయిర్ గన్‌తో బల్లను ఊదడం పూర్తిగా మానేశాను. మొన్న 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ పలక మూడు గంటలపాటు కోశాను. పొద్దున్న మూత మీద వేలు పెట్టి గీస్తే గీత పడింది, కాని దీపం దగ్గరగా పట్టి వంచి చూస్తేనే కనబడింది. డస్ట్ షూకు వెనకవైపు, గొట్టం అతుకు దగ్గర కుచ్చులు కొంచెం అరిగి ఉన్నాయి. ఈ ఆదివారం ఆ బ్రష్ మార్చాలి.