టాక్రోలిమస్ క్యాప్సూల్: మందు మంచిదే, గడియారం తప్పకూడదు

మార్పిడి చేసిన కిడ్నీని ఒళ్ళు పరాయిదని తోసెయ్యకుండా ఆపే మందుల్లో పెద్దపీట దీనిదే. జపాన్‌లోని త్సుకుబా మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి 1984లో కనిపెట్టారు. మనదగ్గర ప్రోగ్రాఫ్, పాన్‌గ్రాఫ్ వంటి పేర్లతో 0.5, 1 మిల్లీగ్రాముల క్యాప్సూళ్ళుగా దొరుకుతుంది. ఆపరేషన్ తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో జరిగినా, వేలూరులో జరిగినా, తిరుపతి, చిత్తూరు పేషెంట్ల మందుల డబ్బాలో సాధారణంగా ఇదీ, తిరస్కరణను ఆపే మరో రెండు మందులు మైకోఫెనొలేట్, ప్రెడ్నిసొలోన్ కలిసే ఉంటాయి.

మొదటి నెలల్లో వచ్చే తిరస్కరణను ఆపడంలో దీనికి వంక పెట్టలేం. చిక్కంతా ఏళ్ళు గడిచాక మెల్లగా వచ్చే తిరస్కరణతో. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడపోయాల్సిన వ్యర్థం) కొంచెం కొంచెం పెరుగుతుంది, మూత్రంలో ప్రొటీన్ పోతుంది. ముదిరాక వెనక్కి తిప్పే మందు లేదు. రక్తంలో మందు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ అవుతుంటే కిడ్నీ మీద దాడిచేసే యాంటీబాడీలు (ఒళ్ళు తయారుచేసే రక్షణ ప్రొటీన్లు) తయారవుతాయి. పోనీ ఎప్పుడూ ఎక్కువే ఉంచుదామా అంటే, మందే కిడ్నీని కొరుకుతుంది. చేతుల వణుకు, షుగరు, పొటాషియం పెరగడం అదనం. మామిడి సీజన్లో పళ్ళు లెక్కపెట్టుకుని తినాల్సింది ఈ పొటాషియం వల్లే.

పొద్దున 7కి, రాత్రి 7కి వేసుకుంటే, టిఫిన్ 8 తర్వాతే. ఇడ్లీ తిన్నాక ఒకరోజు, పరగడుపున ఒకరోజు అయితే రక్తంలో మందు లెవెల్ ఊగిసలాడుతుంది.

లెవెల్ పరీక్షలోనే ఎక్కువ మంది పొరబడతారు. పొద్దుటి మాత్ర వేసుకోకముందు, రాత్రి డోసు వేసుకున్న సరిగ్గా 12 గంటల తర్వాత రక్తం ఇవ్వాలి. మాత్ర మింగి వెళ్తే అంకె ఎక్కువగా వస్తుంది, అది చూసి డాక్టరు డోసు తగ్గిస్తారు, అసలు లెవెల్ పడిపోతుంది. మాత్ర సంచిలో పెట్టుకెళ్ళి, రక్తం ఇచ్చాక అక్కడే వేసుకోండి. ఎప్పుడూ ఒకే ల్యాబు మేలు, పరీక్ష పద్ధతి మారితే అంకే మారుతుంది. మొదటి మూడు నెలలు సుమారు 8–12, ఏడాది దాటాక 5–8 నానోగ్రాములు (మిల్లీలీటరు రక్తానికి) చాలా చోట్ల లక్ష్యం. మీ అంకె మాత్రం మీ డాక్టరు చెప్పిందే.

పంపరపనస జోలికి పోవద్దు, లెవెల్ పెంచుతుంది. ఫంగస్‌కు వాడే ఫ్లూకొనజోల్, యాంటీబయాటిక్ క్లారిత్రోమైసిన్, బీపీకి వాడే డిల్టియజెమ్ కూడా అంతే. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్ అమాంతం దించేస్తాయి. విరేచనాలు పట్టుకుంటే మందు తగ్గుతుందనుకుంటారు గానీ, టాక్రోలిమస్ లెవెల్ పెరుగుతుంది. ఒళ్ళునొప్పులకు డైక్లోఫినాక్ అసలే వద్దు. రోగనిరోధక శక్తికని తిప్పతీగ కషాయం తాగేవాళ్ళున్నారు. ఏ శక్తిని అణచడానికి ఇంత ఖరీదైన మాత్ర మింగుతున్నారో దాన్నే రెచ్చగొట్టడం అది.

తిరుమల కొండమీదికి వెళ్తే క్యూలో ఎంతసేపు పడుతుందో చెప్పలేం, రెండు డోసులు జేబులోనే ఉండాలి. స్ట్రిప్ నుంచి మింగేటప్పుడే తియ్యండి. మే ఎండలో స్కూటర్ డిక్కీలో పెట్టొద్దు.

బ్రాండు మార్చితే వారంలో లెవెల్ చూపించుకోవాలి. రోజుకు ఒక్కసారి వేసుకునే రకం కూడా ఉంది, అది దీనికి బదులు కాదు. షాపులో "రెండూ ఒకటేనండి" అన్నా, చీటీలో ఉన్న పేరు, మిల్లీగ్రాములు, రోజుకెన్నిసార్లు అన్నవి స్ట్రిప్‌తో సరిచూసుకున్నాకే డబ్బులివ్వండి.