నాంపల్లి: వంతెన ఎక్కకుండా రైలెక్కే స్టేషన్

పద్నాలుగేళ్లుగా హైదరాబాద్‌లోని నాంపల్లి స్టేషన్‌లో రైలెక్కుతున్నాను. ఆ స్టేషన్ గొప్పతనం ఏమిటో మొన్నమొన్నటి దాకా నాకే తట్టలేదు. అమ్మకు రెండు మోకాళ్లూ ఆపరేషన్ అయ్యాక తట్టింది. అక్కడ వంతెన ఎక్కే పని లేదు.

ఆపరేషన్‌కు ముందు సంవత్సరం వేరే ఊళ్లో, పేరెందుకులెండి, ఒక పెద్ద జంక్షన్‌లో మాకో అనుభవమైంది. రైలు వచ్చే ముందు ప్లాట్‌ఫాం మారిందని మైకులో చెప్పారు. అమ్మ ఒక్కో మెట్టుకూ రెండు కాళ్లూ ఆనించుకుంటూ వంతెన సగం దాకా ఎక్కి, కటకటాలు పట్టుకుని నిలబడిపోయింది. కింద మా రైలు కదిలి వెళ్లిపోవడం ఇద్దరం పైనుంచి చూశాం. "ఇంక నన్నెక్కడికీ తీసుకెళ్లకురా" అంది. ఏడాదిన్నర అన్న మాట మీదే ఉంది.

పిన్ని మనవరాలి పెళ్లికి రాజమండ్రి వెళ్లక తప్పలేదు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు టికెట్లు తీశాను. మెహదీపట్నం నుంచి ఆటోలో వస్తున్నంతసేపూ ఒకటే ప్రశ్న, "మెట్లెన్నిరా?" నాకు గుర్తు రాలేదు. పద్నాలుగేళ్లు తిరిగినవాణ్ని, మెట్లున్నాయో లేవో చెప్పలేకపోయాను! స్టేషన్‌లోకి వెళ్లాం. ఎదురుగా పట్టాలు ఆగిపోయిన చోటు, దాని పక్కనే నడిచే దారి, ఆ దారికి వేళ్లలా అతుక్కుని ప్లాట్‌ఫాంలు. వాకర్ ముందుకు జరుపుకుంటూ అమ్మ మా ప్లాట్‌ఫాం దాకా వెళ్లిపోయి, వెనక్కి తిరిగి నన్నడిగింది: "వంతెన ఇంకా ఎంత దూరం?" ఇదే ప్లాట్‌ఫాం అంటే నమ్మదే. పెట్టె మీద రైలు పేరు చదివి వినిపించాల్సి వచ్చింది. పైగా బండి బయల్దేరేది ఇక్కడి నుంచే కాబట్టి ముందుగానే ప్లాట్‌ఫాం మీద పెట్టేశారు. రెండు నిమిషాల్లో తోసుకుని ఎక్కాలన్న కంగారు లేదు. నిదానంగా ఎక్కి కూర్చుని, సంచీ సీటు కింద సర్దుకుని, ఇంటికి ఫోన్ చేసి గ్యాస్ కట్టేశారో లేదో కూడా కనుక్కుంది.

స్టేషన్ 1907 నాటిది. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ కట్టించాడని చాలామంది అంటుంటారు గానీ, ఆయన గద్దెనెక్కిందే 1911లో. 1907లో ఉన్నది ఆయన తండ్రి మహబూబ్ అలీఖాన్. 1874 నాటి సికింద్రాబాద్ స్టేషన్ ఇంతకన్నా 33 ఏళ్లు పెద్దది. అక్కడ బండి ఒకవైపు నుంచి వచ్చి రెండోవైపు పోతుంది, కాబట్టి పట్టాలు దాటడానికి వంతెన తప్పదు. నాంపల్లికి మాత్రం పట్టాలు మెయిన్ లైను నుంచి చీలి ఖైరతాబాద్, లక్డీకాపూల్ మీదుగా వచ్చి, ఊరి మధ్యలో టక్కున ఆగిపోతాయి. ఆ ఆగిపోవడమే మా అమ్మ పాలిట వరమైంది. అన్నట్టు టికెట్ మీద హైదరాబాద్ దక్కన్ అని ఉంటుంది, ఆటో అతనికి మాత్రం నాంపల్లి అనే చెప్పండి.

ఇంత మెచ్చుకున్నాక ఒక మాట. మెట్లు లేకపోయినా నడక ఉంది. వంతెన ఉన్నచోట దిగితే బండి మధ్యలో తేలతాం. ఇక్కడ ఒక కొస నుంచే మొదలుపెట్టాలి. 22 పెట్టెల బండి అంటే అర కిలోమీటరు పైమాటే. మొదటిసారి మా పెట్టె అదృష్టం కొద్దీ గేటు వైపే ఉంది. రెండోసారి నేను చూసుకోకుండా తీసిన టికెట్ అవతలి కొసకు పడింది. అమ్మ మూడుచోట్ల కూర్చుంది, నాతో మాట్లాడలేదు. ఇప్పుడు బుక్ చేసే ముందు ఆ బండిలో పెట్టెల వరస చూస్తాను. బండి వచ్చిన దారినే తిరిగి పోతుంది కాబట్టి, ఎక్కేటప్పుడు గేటుకు దగ్గరగా ఉన్న పెట్టే దిగేటప్పుడూ దగ్గరగా ఉంటుంది. వరస మార్చకపోతే ఒకసారి కనిపెడితే చాలు.

పట్టాలు ఆగిపోవడంలో ఇంకో కోణమూ ఉంది. 2024 జనవరి 10న చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఆగాల్సిన చోట ఆగక చివరి గోడను తాకింది. కొన్ని పెట్టెలు పట్టాలు తప్పాయి, కొందరికి గాయాలయ్యాయి. అలాంటిది రోజూ జరగదని తెలుసు. అయినా వచ్చే బండి కోసం ఎదురుచూసేటప్పుడు అమ్మను ఆ కొసన నిలబెట్టను.

మాది మెహదీపట్నం, ఇంట్లో మోకాళ్లు అరిగిన మనిషి ఉంది, వెళ్లేది ఏడాదికి రెండుసార్లు గోదావరి జిల్లాలకు. అందుకే నాకు నాంపల్లి. తార్నాకలోనో మల్కాజిగిరిలోనో ఉంటే సికింద్రాబాద్ వదిలి ఇంత దూరం రమ్మని చెప్పను, బండ్లు కూడా అక్కడే ఎక్కువ. జనవరి 1 నుంచి ఫిబ్రవరి నడిమి దాకా నాంపల్లిలో జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్ రోజుల్లో అయితే సాయంత్రం బండికి నేనే గంట ముందు బయల్దేరతాను.

2023 ఆగస్టులో స్టేషన్లను బాగుచేసే అమృత్ భారత్ పథకం జాబితాలో నాంపల్లి కూడా చేరింది. కొత్త భవనాలు, లిఫ్టులు ఎన్నయినా కట్టుకోనీ. ఆ పట్టాల కొసన ఉన్న కింది దారి మాత్రం మూయకుంటే చాలు.