సెకండ్ హ్యాండ్ స్నో బ్లోయర్ కొన్నా, మంచు ఇంకా పడలేదు, అయినా రివ్యూ రాస్తున్నా

ఇది మంచులో నడిపి రాస్తున్న రివ్యూ కాదు, షెడ్డులో కూర్చుని చేతులు నల్లగా చేసుకుని రాస్తున్నది. మెషీన్ టూ స్టేజ్, అంటే ముందున్న ఆగర్, అదే మరలా మెలి తిరిగిన బ్లేడు, మంచుని లోపలికి లాగుద్ది, వెనకున్న ఇంపెల్లర్ అనే ఫ్యాన్ లాంటి చక్రం దాన్ని చూట్ అనే గొట్టంలోంచి దూరంగా విసిరేసుద్ది. అమ్మినాయన "పోయినేడు బానే నడిచిందండీ" అన్నాడు, ఆ మాట అనకుండా అమ్మేవాళ్ళని నేనింకా చూళ్ళేదు.

తెచ్చి తాడు లాగితే చోక్ వేసున్నంతసేపూ నడుసుద్ది, చోక్ తీయగానే ఎగిరెగిరి పడి ఆగిపోద్ది. ఇంజినే పోయిందేమోనని కంగారుపడ్డా గానీ ఈ లక్షణం ఉంటే చాలావరకు కార్బ్యురేటర్ జెట్, అంటే పెట్రోల్ వెళ్ళే సన్న రంధ్రం, మూసుకుపోయినట్టే, పెట్రోల్ సరిగ్గా అందట్లేదు, చోక్ గాలి తగ్గిస్తుంది కాబట్టి ఎలాగో నెట్టుకొస్తోంది. ట్యాంక్ మూత తీస్తే వార్నిష్ వాసన, నెలల తరబడి పెట్రోల్ అందులోనే వదిలేశారన్నమాట. కార్బ్యురేటర్ కింద పెట్రోల్ నిలిచే బౌల్ విప్పితే అడుగున జిగురు, మెయిన్ జెట్‌ని లైటుకి అడ్డం పెట్టి చూస్తే వెలుతురే రావట్లేదు. సన్న రాగి తీగతో మెల్లగా పొడిచి, కార్బ్ క్లీనర్ కొట్టి, కొత్త పెట్రోల్ పోశా, రెండో లాగుకే స్టార్టు, చోక్ తీసినా ఆగలేదు. అన్నట్టు ఎయిర్ ఫిల్టర్ ఎక్కడుందా అని ఊరికే వెతికి చచ్చా, వీటిల్లో చాలావాటికి అసలు ఉండదంట, మంచు చేరి గడ్డకట్టుద్దని.

నాకు ఒళ్ళు మండింది మాత్రం షియర్ పిన్ దగ్గర. ఆగర్‌ని దాన్ని తిప్పే షాఫ్ట్‌కి కలిపే పిన్ అది, దాని పనే రాయో గట్టి ఐసో తగిలినప్పుడు తను విరిగి గేర్‌బాక్స్‌ని కాపాడటం. పాత ఓనరు ఒక పక్క పిన్ తీసేసి మామూలు స్టీల్ బోల్టు బిగించాడు, అది విరగదు, విరిగేది గేర్‌బాక్సే! రెండూ తీసేసి చేత్తో ఆగర్ తిప్పి చూస్తే అదే పక్క తుప్పుకి షాఫ్ట్‌ని పట్టేసుకుని ఉంది, అలా ఉంటే పిన్ విరిగినా ఆగర్ షాఫ్ట్‌తోనే తిరుగుద్ది, కొత్త పిన్ వేసినా లాభం లేదు. రాత్రంతా నూనెలో నాననిచ్చి, గ్రీజు పెట్టి, సరైన పిన్నులు వేశా, ఒక జత స్పేర్ కూడా హ్యాండిల్‌కి కట్టి ఉంచా.

బెల్ట్ పగుళ్ళిచ్చింది, మార్చేశా. చక్రాల్ని నడిపే ఫ్రిక్షన్ డిస్క్ రబ్బరు బానే ఉంది.

ఇంజిన్‌కి నాలుగు స్టార్లు, పాత ఓనరు మెయింటెనెన్స్‌కి ఒకటి, అదీ టైర్లలో గాలి ఉన్నందుకు. చూట్ తిప్పే హ్యాండిల్ ఇంకా బిగుసుకునే ఉంది, రేపు దాని సంగతి చూడాలి.